అమెచూరు ఎక్కడుంది?

నా భార్య శంకరవ్వ కొత్తగా కలిసిన వాళ్లెవరికైనా నన్ను ఒకే తీరుగా పరిచయం చేసేది. ఈయనకు ఇద్దరు పెళ్లాలు, ఇంట్లో నేనొకదాన్ని, పెట్టెలో ఇంకొకామె అనేది. విన్నవాళ్లు నవ్వేవాళ్లు. నాకు నవ్వు వచ్చేది కాదు, ఎందుకంటే అందులో అబద్ధం తక్కువ. పెట్టెలో ఉన్నామెకు పేరు లేదు, మొహం లేదు. ఉన్నదల్లా మూడు నిమిషాల గొంతు. ఆ గొంతు ఎవరిదో తెలుసుకోవాలని ఐదేళ్లు తిరిగాను. ఇప్పుడు తలుచుకుంటే నా తెలివికి నాకే సిగ్గేస్తుంది కానీ, తిరిగినందుకు మాత్రం సిగ్గు లేదు.

కరీంనగర్‌లో గంజు బజారు పక్క సందులో నాది కుట్టుమిషన్లు, గ్రామఫోన్లు బాగుచేసే దుకాణం. ఈ రెండింటికీ పొంతనేమిటని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే. ఒకదానికి సూది కింద గుడ్డ, ఇంకొకదానికి సూది కింద పాట. నాకు ఉర్దూ బాగా వచ్చు, తెలుగు చదవగలను. ఇంగ్లీషులో అక్షరాలు తెలుసు, మన పేర్లయితే కూడబలుక్కోగలను గానీ, అవి ఒకచోట చేరి ఇంగ్లీషు మాటలైతే నాకు లొంగవు. ఈ కథంతా ఆ లొంగకపోవడం వల్లనే నడిచింది.

1958 ఎండాకాలంలో హుజూరాబాద్ దిక్కు ఒక దొరల కుటుంబం గడీ ఖాళీ చేసి పట్నం పోతూ, స్ప్రింగు విరిగిన గ్రామఫోనునూ దాని వెంట ఉన్న రికార్డులనూ నాకు అప్పజెప్పి పోయింది. రికార్డులు నలభై దాకా ఉన్నాయి. అన్నీ పేరున్న కంపెనీలవే, అందరూ విన్న గొంతులే. అన్నిటికన్నా అడుగున ఒకటి దొరికింది. నల్ల ప్లేటు నడుమ ఆకుపచ్చ కాగితం, దాని మీద కొమ్మపై వాలిన గోరింక బొమ్మ. మైనా రికార్డు, షోలాపూర్ అని కూడబలుక్కుని చదివాను. కుక్క బొమ్మ ఉంటేనే రికార్డు అనుకునే రోజులవి. ఈ పిట్ట కంపెనీ సంగతి హైదరాబాదులో పెద్ద దుకాణాల వాళ్లను అడిగినా విననే లేదన్నారు. రికార్డు అంచు నుంచి లోపలికి వెంట్రుక మందాన ఒక పగులు కూడా ఉంది.

కొత్త సూది బిగించి, చావి తిప్పి పెట్టాను. మొదట పగులు టిక్కు టిక్కుమంది. దాని వెనుక నుంచి ఒక పిల్ల గొంతు వచ్చింది. పదహారో పదిహేడో ఉంటాయేమో. ఆ పాటలో మాటల్లేవు. తనన, దెరెనా, దీం అంటూ ఉత్త అక్షరాలే, వాటిని తరానా అంటారని తర్వాత తెలిసింది. మాటల్లేని పాటకు ఏడుపెట్లా వస్తుందని మీరు అడగొచ్చు. నాకు వచ్చింది. మధ్యాహ్నం మూడు గంటలకు ఎండ దిగుతూ ఉంటే ఏ కారణం లేకుండా ఒక దిగులు పుడుతుంది చూడండి, అదే దిగులు. అయితే ఆ పిల్లకు దిగులు పడుతూ కూర్చునే తీరిక ఉన్నట్టు లేదు. గొంతు పరుగెత్తుతున్నది, లెక్క తప్పడం లేదు, చివరికి వచ్చేసరికి నాకే ఆయాసం వచ్చింది.

పాట అయిపోయాకే అసలు సంగతి. పాత రికార్డుల్లో పాడినవాళ్లు చివర్న తమ పేరు తామే చెప్పుకునేవాళ్లు. నా దగ్గర అట్లాంటివి పది దాకా ఉన్నాయి. దీంట్లో కూడా పాట ఆగాక పేరు చెప్పడానికని ఆ పిల్ల ఊపిరి లోపలికి తీసుకున్న చప్పుడు స్పష్టంగా ఉంది. అంతే. పేరు లేదు. తర్వాత సూది ఊరికే గీసుకుంటున్నది.

ఆ ఊపిరి నన్ను పట్టుకుంది. పెట్టినప్పుడల్లా ఈసారి చెప్తుందేమోనని చెవి ఒగ్గేవాణ్ని. పది పన్నెండు సార్లు విన్నాక పగులు ఇంకో వేలెడు లోపలికి పాకింది. ఇట్లాగే వింటూ పోతే రెండు ముక్కలవుతుందని భయం పట్టుకొని వినడం మానేశాను. ఇంకా ఎన్ని సార్లు ఆగుతుందో తెలియదు కనుక, ఆ మిగిలిన సార్లు పాడినామెకే చెందాలని అనుకున్నాను. ఆమెకు తన రికార్డు ఉందో లేదో కూడా నాకు తెలియదు. అయినా అనుకున్నాను.

కాగితం మీద ఏముందో చదివించుకోవాలి కదా. వకీలు గారి గుమాస్తా హనుమండ్లు కుట్టుమిషన్ తీసుకుపోవడానికి వచ్చినప్పుడు చూపించాను. ఆయన అద్దాలు పైకి జరిపి, "మిస్ డి.బి., అమెచూర్" అని గడగడా చదివి, మిషన్ రిక్షాలో పెట్టించుకొని పోయాడు. మిస్ అంటే పెళ్లి కానామె. డి.బి. అంటే పేరుకు పొడి అక్షరాలు. ఇక మిగిలింది అమెచూర్. చెన్నూరు ఉంది, ఉట్నూరు ఉంది, అమెచూరు ఎందుకు ఉండదు? అది ఆ పిల్ల ఊరని నేను ఖాయం చేసుకున్నాను. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకాన్ని నేను.

ఇక వెతుకుడు మొదలైంది. ఆగిన బస్సు ఆగినట్టే కండక్టర్లను అడిగాను. పట్వారీలను అడిగాను. పోస్టుమాస్టర్, అమెచూరు అని జిల్లా పేరు మారుస్తూ నాలుగు కార్డులు రాస్తే, నాలుగూ ఈ పేరుగల గ్రామము లేదు అనే ముద్రతో నా దగ్గరికే తిరిగొచ్చాయి. అడవి పల్లెల పేర్లు కాగితాలకు ఎక్కవని ఎవరో అంటే ఉట్నూరు దాకా పోయాను. అక్కడి ఆఫీసులో ఒక పెద్దమనిషి ఊళ్ల జాబితా రెండుసార్లు వేలు పెట్టి చూసి, లేదు నాయనా అని జాలిగా చెప్పాడు. ఇంటికొస్తే శంకరవ్వ కాళ్లకు వేడినీళ్లు పెట్టి, నా సవతి ఊరు దొరికిందా అని అడిగేది. పేరు పెట్టి అడగదు, నీ పెంక దొరికిందా అనేది ఒక్కోసారి. రికార్డు ఆమె కంటికి రొట్టెలు కాల్చే పెంక లాగే ఉండేది.

రికార్డుకు రెండు వైపులు ఉంటాయని నాకు తెలియదా? తెలుసు. కానీ వెనుకవైపు ఉన్నది ఒట్టి హార్మోనియం. ఒకసారి విని పక్కన పెట్టాను. దాని మీద దేవదాస్ భైంసేకర్ అని ఉంది, దాన్ని నేను పట్టించుకోలేదు. వెతుకుడు మొదలైన ఐదో ఏట ఒకనాడు, ఆదిలాబాదు నుంచి వచ్చి మా వీధిలో బట్టలు కుట్టుకునే గంగుబాయి నా దుకాణంలో కూర్చొని ఉంటే, మాటల్లో ఆ పేరు బయటికి చదివాను. ఆమె మరాఠీ మనిషి. మా దాంట్లో ఇంటిపేర్లు ఊరి మీదనే ఉంటాయి, భైంసేకర్ అంటే భైంసా వాడన్న మాట అన్నది. వెనుకవైపు ఊరి పేరు ఉంటే ముందువైపు ఉన్నది కూడా ఊరి పేరే కదా! నా లెక్క తప్పు కాదని ఇంకా గట్టిపడింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

తెల్లారి బస్సెక్కాను. జగిత్యాల, మెట్‌పల్లి, సోన్ వంతెన, నిర్మల్ దాటి భైంసా చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. పత్తి దిగే కాలం. బజారంతా బండ్లు, గాలినిండా దూది. మొదట కనిపించిన కిరాణా దుకాణంలో, అమెచూర్ ఎక్కడ దొరుకుతుంది సేఠ్ అని అడిగాను. సేఠ్ డబ్బా మూత తీసి, పావుసేరు తూచి, పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు. విప్పి చూస్తే ఎండు మామిడి పొడి. ఉర్దూలో దాన్ని ఆమ్‌చూర్ అంటారన్నది పుట్టినప్పటి నుంచి ఉర్దూ మాట్లాడుతున్న నాకు అప్పటిదాకా తట్టలేదు. పొట్లం సంచిలో వేసుకున్నాను, పప్పులోకి పనికొస్తుందని.

దేవదాస్ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. పెటి మాస్టర్ అంటే అందరికీ తెలుసు. హార్మోనియాన్ని వాళ్లు పెటి అంటారు. పత్తి జిన్నింగు మిల్లు వెనుక ఒక గదిలో ఉంటున్నాడు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి, ఉబ్బసం. మంచం పక్కన హార్మోనియం మీద మడతపెట్టిన కంబళి కప్పి ఉంది. నేను సంచిలోంచి రికార్డు తీసి గోరింక బొమ్మ చూపించగానే కళ్లు దగ్గరికి చేసుకొని చూశాడు. రెండు చేతులా అందుకున్నాడు. అప్పుడు నేను నా ప్రశ్న అడిగాను, ఈ అమెచూరు ఏ తాలూకాలో ఉందని.

ఆయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు ఆగాక మళ్లీ నవ్వాడు. నీళ్లు తాగి, నా మోకాలి మీద చెయ్యి వేసి చెప్పాడు.

"అది ఊరు కాదు భావూ. ఇంగ్లీషుల అమెచూర్ అంటే శౌకుకు పాడెటోళ్లు. పాటను అమ్ముకొని బతుకనోళ్లు అని."

ఐదేళ్లు. నాలుగు కార్డులు. ఉట్నూరు పెద్దమనిషి వేలు పెట్టి చూసిన ఆ జాబితా. నేను తల దించుకొని కూర్చుంటే ఆయన నన్ను ఎగతాళి చేయలేదు, కథ చెప్పాడు. ఆయన చెప్పిందంతా నా మాటల్లో చెప్తాను.

షోలాపూర్‌లో సైకిల్ దుకాణం నడిపే ఒకాయనకు సంగీతం పిచ్చి ఉండేది. పెద్ద కంపెనీలు పెద్ద పేర్లనే పట్టుకుంటున్నాయి, మన గల్లీల్లో పాడేవాళ్లను ఎవరు పట్టుకుంటారని ఆయనే ఒక కంపెనీ పెట్టాడు. బొంబాయి నుంచి మిషన్ కిరాయికి తెచ్చి, ఒక గది గోడలన్నిటికీ షోలాపూర్ దుప్పట్లు వేలాడదీసి, అందులో పాడించేవాడు. మైనం పలకల మీద పాట ఎక్కించి బొంబాయి పంపితే అక్కడ అచ్చు పోసేవాళ్లు. అక్కడివాళ్లకు ఏ గొంతు ఎవరిదో తెలియదు కనుక, కాగితాలు తారుమారు కాకుండా చివర్న పేరు చెప్పించేవాళ్లు. మొత్తం ఎనిమిది రికార్డులు చేశాడు. యుద్ధం వచ్చి రికార్డులు పోసే లక్క దొరకక కంపెనీ మూతబడింది.

ఆ దుకాణం ఉన్న గల్లీలో మన దిక్కు పద్మశాలీలు చాలామంది ఉండేవాళ్లు, మిల్లుల్లో, మగ్గాల మీద పనికి పోయినవాళ్లు. అందులో సిరిసిల్ల బాలమల్లు ఒకడు. ఆయన కూతురు, అప్పట్లో అక్కడే ఉంటున్న దేవదాస్ గది గడప మీద కూర్చొని వినీ వినీ పాట పట్టుకుంది. కూర్చోబెట్టి నేర్పితే మూడేళ్లలో నా దగ్గర ఉన్నదంతా లాగేసుకుంది, ఇది భీంపలాస్ రాగం, మధ్యాహ్నం పాడేది అన్నాడు దేవదాస్. బిడ్డ పాడుతుంటే బాలమల్లు మగ్గం ఆపి వినేవాడు. కానీ రికార్డు అనేసరికి గుండె జారింది. అప్పట్లో ప్లేట్ల మీద పాడే ఆడవాళ్లంటే లోకానికి ఒకే అర్థం. పెళ్లీడు పిల్ల. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. కాగితం మీద పేరు ఉండొద్దు, నోట పేరు రావద్దు. శౌకుకు పాడే సంసారుల పిల్ల అని తెలియాలని కంపెనీ ఆయన అమెచూర్ అని వేయించాడు.

"పాడింది. నేను పెటి మీద ఉన్న. పాట ఆగినంక మిషనాయన అలవాటు కొద్దీ పేరు చెప్పమని చెయ్యి ఊపిండు. పిల్ల ఊపిరి తీసుకున్నది. బాలమల్లు స్టూలు మీదికెల్లి లేచొచ్చి బిడ్డ నోటి మీద చెయ్యి పెట్టిండు."

జిన్నింగు మిల్లు చప్పుడు వినిపిస్తున్నది.

"ఆ ఊపిరి పడ్డదా ఇందుల?" అని అడిగాడు.

పడ్డదని చెప్పాను. ఆయన కంబళి కొసతో మొహం తుడుచుకున్నాడు. ఆ రికార్డు ఆమె ఎన్నడూ వినలేదట. బాలమల్లు ఇంటికి తేనివ్వలేదు, ఆ ఏడే సిరిసిల్లకు తీసుకుపోయి పెళ్లి చేశాడు. నేను లేచి వస్తుంటే దేవదాస్ నా చెయ్యి వదల్లేదు.

"ఇప్పుడు ఆమె ఇంకొగల ఇంటి మనిషి. నువ్వు పేరు అడుగుతున్నననుకుంటున్నవ్. గది ఆమె బతుకు భావూ. జర సోచాయించి పో."

ఆలోచించి పొమ్మన్న ఆ మాట బస్సులో దారి పొడుగునా నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. ఐదేళ్లుగా నేను వెతికింది ఒక గొంతును. ఆ గొంతుకు ఒక ఇల్లు, ఒక మొగుడు, ఒక పరువు ఉంటాయని ఒక్కసారి కూడా అనుకోలేదు. నా మీద నాకు కోపం వచ్చింది.

శంకరవ్వకు అంతా చెప్పాను. ఎగతాళి చేస్తుందనుకుంటే చేయలేదు. పప్పులో మామిడి పొడి వేసి కలుపుతూ చాలాసేపు ఆలోచించింది.

"నువ్వొక్కనివే పోయి ఒకని పెండ్లాం పేరు అడుగుతవా? ఏమన్న ఉన్నదా? నేను గుడ వస్త. ఆడిదానితోని ఆడిదాన్ని మాట్లాడనియ్యి. ఆమె వద్దంటే ఇంటికొద్దాం."

వారం తర్వాత ఇద్దరం సిరిసిల్ల బస్సెక్కాం. గ్రామఫోను పెట్టె నా కాళ్ల దగ్గర, రికార్డు పాత చీరలో చుట్టి శంకరవ్వ ఒడిలో. గతుకు వచ్చినప్పుడల్లా చంటిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకునేది. సిరిసిల్ల మా ఊరికి పాతిక మైళ్లు కూడా ఉండదు. ఈ ఐదేళ్లలో కుట్టుమిషన్ల పని మీద పదిసార్లు పోయొచ్చాను. సంకల పిల్లను పెట్టుకొని ఊరంతా దేవులాడినవ్ అని శంకరవ్వ అన్నది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

షోలాపురం బాలమల్లు అంటే తెలియని పద్మశాలి లేడు. ఆయన పోయి ఏడేళ్లయిందట. బిడ్డ పేరు దేవవ్వ, అల్లుడు సాంబయ్య, ఇల్లు ఫలానా సందులో అని చెప్పారు. దేవవ్వ. డి.బి.లో డి దొరికింది. పేరు చెవిన పడ్డాక నా పని అయిపోయినట్టే కదా, వెనక్కి పోదామా అని శంకరవ్వను అడిగాను. పెట్టెలో ఉన్నది ఆమె సొత్తు, ఉన్నదని చెప్పి పోదాం అన్నది.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. అప్పుడప్పుడే చేతి మగ్గాలు తీసేసి సాంచెలు పెడుతున్నారు. సాంబయ్య ఇంటి ముందు గదిలో రెండు సాంచెలు ఆడుతున్నాయి. ఆ చప్పుడుకు గోడలు అదురుతున్నాయి. సాంబయ్య యాభైకి దగ్గరున్న మనిషి, సాంచెల మధ్య బతకడం వల్ల ఇంట్లో మాట కూడా అరుపే. కుట్టుమిషన్ల మెకానిక్‌నని, ఈ వాడలో పనేమన్నా ఉందేమోనని వచ్చానని చెప్పుకున్నాను. ఆయన సంతోషంగా మడత మంచం వాల్చాడు. శంకరవ్వ నీళ్ల వంకతో వెనుక గదిలోకి పోయింది.

అక్కడ జరిగింది ఆమె తర్వాత చెప్పింది. దేవవ్వ రాట్నం ముందు కూర్చొని దారపు కండెలు చుడుతున్నదట. నలభై దాటిన మనిషి, చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. శంకరవ్వ పక్కన చేరి, చెవి దగ్గర నోరు పెట్టి, షోలాపురం, గోరింక బొమ్మ అనేసరికి రాట్నం ఆగింది. దారం తెగింది. నా పేరు దేవవ్వనే కానీ నేను పాడలే, నాకు పాట రాదు అన్నదట. తెగిన దారం ముడి వేయడానికి రెండుసార్లు చూసి, వేళ్లు ఆడక, శంకరవ్వ చెయ్యి పట్టుకున్నదట.

"మా ఆయన మంచోడే చెల్లే. కానీ ఇరవై ఏడేండ్లు చెప్పనిది ఇప్పుడు చెప్తే, ఇన్నేండ్లు నా దగ్గర దాసినవా అంటడు. పాట తప్పు కాదు. దాసిపెట్టుడు తప్పయితది. మీరు పొండ్రి."

శంకరవ్వ పోతామన్నది. పోయేముందు ఒక్కటే చెప్పిందట, రికార్డు పగిలి ఉన్నది, ఇంక రెండు మూడు సార్లకన్నా ఆగదు, నువ్వు వినాలనే ఐదేండ్ల నుంచి మా ఆయన వినకుండా దాచిండని.

ఇక్కడ ముందు గదిలో నా మీద ఇంకో ఆపద వచ్చి పడింది. సాంబయ్య చూపు గ్రామఫోను పెట్టె మీద పడింది. ఏంది, పాటల పెట్టెనా అని అడిగాడు. అబద్ధానికి ముందే సిద్ధపడి ఉండాల్సింది. ఔను, బాగుచేసి ఒకరికి ఇవ్వబోతున్నానన్నాను. ఒక్క పాట పెట్టమన్నాడు. ఉన్నది ఒకటే రికార్డు, అది కూడా పగిలిందన్నాను. ఉన్నదే పెట్టమన్నాడు. ఈ చప్పుడులో ఏం వినబడుతుందిలే అన్నాను, తప్పించుకోవడానికి. ఆయన లేచి రెండు సాంచెలూ ఆపేశాడు.

ఆ ఇంట్లో పగటిపూట సాంచె ఆగడం ఎన్నడూ లేదు కాబోలు. చప్పుడు ఆగగానే వెనుక గది గడపలోకి దేవవ్వ వచ్చి నిలబడింది. చేతిలో సగం చుట్టిన కండె. ఆమె మొహం అప్పుడే మొదటిసారి చూశాను. ఆమె వెనుక శంకరవ్వ నిలబడి, వద్దని తల అడ్డంగా ఊపుతున్నది. నేను పెట్టె మూత మీద రెండు చేతులూ పెట్టాను. వద్దులే, పగిలిపోతది అన్నాను. సాంబయ్య ఇదేం మనిషిరా అన్నట్టు చూశాడు.

"పెట్టుండ్రి," అన్నది దేవవ్వ.

నేను ఆమె వైపు చూశాను. ఆమె నన్ను చూడలేదు. శంకరవ్వ చంకలో ఉన్న చీర మూటను చూస్తున్నది.

"పలుగకముందు ఒక్కసారి వింట."

శంకరవ్వ చీర విప్పి రికార్డు ఇచ్చింది. కొత్త సూది బిగించాను. చావి తిప్పి సూది ఆనించాను. పగులు టిక్కు టిక్కుమంది. దాని వెనుక నుంచి పదహారేళ్ల పిల్ల వచ్చింది.

పొద్దు మూడు గంటలై ఉంటుంది. దూది నుసి తేలే ఆ గదిలో భీంపలాస్ నిండింది. దేవవ్వ పెదవులు కదల్లేదు. కండె పట్టుకున్న చేతి బొటనవేలు మాత్రం ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్కసారి దారం మీద నొక్కుకుంటున్నది. పాట వేగం అందుకున్నప్పుడు ఆమె కళ్లు మూసుకుంది. సాంబయ్య మొదట ముందుకు వంగి విన్నాడు, తర్వాత వెనక్కి జారగిలబడ్డాడు. అరిచి మాట్లాడే మనిషి, గొంతు తగ్గించి నాతో అన్నాడు.

"ఎవలు అన్నా గీమె? మగ్గంల నాడె ఇటు అటు ఆడినట్టే ఉన్నది, ఒక్క పోగు తప్పలే."

ఆ పేరు చెప్పడం నా పని కాదు. పాట ఆగింది. ఊపిరి వచ్చింది, ఐదేళ్లుగా నాకు తెలిసిన ఆ ఊపిరి. మామూలుగా అక్కడ సూది ఎత్తేసేవాణ్ని. ఆ రోజు ఎత్తలేదు. సూది ఊరికే గీసుకుంటున్నది.

"నేను దేవవ్వను," అన్నది గడపలో నిలబడ్డామె. "బాలమల్లు బిడ్డను."

నేను సూది ఎత్తాను. సాంబయ్య పెట్టె వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, మళ్లీ పెట్టె వైపు చూశాడు. ఈ ఇంట్లో ఇప్పుడు ఏమైనా అయితే దానికి నేనే కారణం. శంకరవ్వ దేవవ్వ భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?" అన్నాడు సాంబయ్య.

"బాపు వద్దన్నడు."

"నేనన్ననా?"

దేవవ్వ కండెను రెండు చేతులా పట్టుకొని కింద చూస్తూ నిలబడింది. సాంబయ్య లేచాడు. సాంచె వేయబోతున్నాడనుకున్నాను, వేస్తే ఇక ఆ ఇంట్లో మాట వినబడదు. ఆయన సాంచె దగ్గరికి పోలేదు. వెనుక గదిలోకి పోయి, రాట్నం ముందున్న పీట తెచ్చి గ్రామఫోను పక్కన వేసి, దేవవ్వను కూర్చోమన్నాడు. తను నేల మీద కూర్చున్నాడు.

"మల్ల పెట్టన్నా."

పగులు ముదిరింది, ఈసారి పలిగితే మళ్లీ దొరకదు అని చెప్పాను. ఆయన దేవవ్వను చూశాడు. ఆమె తల ఊపింది. సూది మార్చి పెట్టాను.

పగులు చప్పుడు ఈసారి పెద్దగా ఉంది. అయినా పాట నడిచింది. సగం నడిచేసరికి పక్కింటి పోశం లోపలికి వచ్చాడు. ఆ వాడలో ఒక ఇంటి సాంచె ఆగిందంటే కరెంటన్నా పోయి ఉండాలి, మనిషన్నా పోయి ఉండాలి. కంగారుగా వచ్చినవాడు, నేల మీద కూర్చున్న సాంబయ్యనూ పీట మీద కూర్చున్న దేవవ్వనూ చూసి గడపలోనే ఆగిపోయాడు. పాట చివరికి వచ్చింది. ఊపిరి తీసుకున్న చప్పుడు వినబడింది. సరిగ్గా అప్పుడే, ఏమైందే సాంబన్నా అని అడగడానికి పోశం నోరు తెరిచాడు.

సాంబయ్య చెయ్యి ఎత్తాడు.

"జర ఆగు పోశం. ఇప్పుడు పేరు చెప్తది."

దేవవ్వ చెప్పింది.